గర్భంతో ఉన్నప్పుడు నడుము, తోక ఎముక నొప్పి: ఇంట్లోనే తగ్గించుకోవడం ఎలా?

"ఆరో నెల వచ్చింది. కూర్చుంటే లేవలేకపోతున్నా. లేచినా నాలుగడుగులు వేసేదాకా నడుము నిటారుగా నిలవదు. ఏం మాత్ర వేసుకోవాలి?" ఇదే ప్రశ్న రకరకాలుగా వస్తూనే ఉంది. మాత్రల సంగతి కూడా చెబుతాం, కానీ అది చివర్లో. ఈ నొప్పిని పెంచేది ఎక్కువగా రోజంతా మీరు కూర్చునే తీరు, లేచే తీరు, పక్క మీద అటూ ఇటూ తిరిగే తీరు. తగ్గించుకోవాల్సిందీ అక్కడే.

కారణం క్లుప్తంగా: గర్భంతో ఉన్నప్పుడు ఊరే హార్మోన్ల వల్ల కటి ఎముకలను (నడుము కింద, తుంటి చుట్టూ ఉండే ఎముకలు) పట్టి ఉంచే బంధనాలు కాస్త వదులవుతాయి. పొట్ట ముందుకు పెరిగేకొద్దీ నడుము లోపలికి వంగుతుంది. సాగిపోయిన పొట్ట కండరాలు మోయాల్సిన బరువు నడుము కండరాల మీద పడుతుంది. ఇంతవరకు తెలిస్తే చాలు.

ముందు ఇవి లేవని చూసుకోండి

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంటి చిట్కాలు పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయండి.

- 37 వారాలు నిండకముందే నొప్పి అలలా వచ్చి పోవడం, 10 నిమిషాలకోసారి లేదా అంతకన్నా త్వరగా రావడం, దాంతోపాటు పొట్ట గట్టిపడటం.
- రక్తం కనిపించడం, ఉమ్మనీరు కారడం, బిడ్డ కదలికలు తగ్గడం.
- జ్వరం, చలి, మూత్రంలో మంట, పక్కటెముకల కింద ఒకవైపు పోటు. ఇది మూత్రపిండాలకు ఇన్ఫెక్షన్ కావచ్చు.
- తొడల మధ్య, మలద్వారం చుట్టూ తిమ్మిరి, మూత్రం లేదా మలం ఆపుకోలేకపోవడం, మూత్రం రాకపోవడం, కాలు బలహీనమై ఈడ్చుకుంటూ నడవాల్సి రావడం.
- ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉండటం.
- కింద పడ్డాక మొదలైన నొప్పి.

మాయ కిందికి ఉందని చెప్పినా, గర్భసంచి ముఖద్వారానికి కుట్టు వేసినా, విశ్రాంతి తీసుకోమన్నా కింద చెప్పిన వ్యాయామాలు డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టొద్దు. కూర్చోవడం, లేవడం, పడుకోవడం గురించిన జాగ్రత్తలు మాత్రం అందరికీ పనికొస్తాయి.

నొప్పి ఎక్కడ? ఒక్క వేలితో చూపించండి

"నడుము నొప్పి" అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు నొప్పులు ఉంటాయి. ఒకదానికి పనికొచ్చేది ఇంకోదాన్ని పెంచుతుంది. అందుకే అరచేత్తో కాకుండా ఒక్క వేలితో నొప్పి ఉన్న చోటును తాకండి.

వేలు చీర కట్టు దగ్గర, వెన్నుకు రెండు వైపులా ఆగితే అది నడుము కండరాల నొప్పి. ఎక్కువసేపు నిలబడితే, సాయంత్రమయ్యేకొద్దీ పెరుగుతుంది.

నడుము కింద, పిరుదుల పైన రెండు చిన్న సొట్టలు ఉంటాయి. వేలు అక్కడ ఆగితే, ముఖ్యంగా ఒకవైపే ఉంటే, అది కటి కీళ్ల నొప్పి. పక్క మీద తిరిగినప్పుడు, మెట్లెక్కినప్పుడు, ఒంటికాలి మీద నిలబడి లంగాలోకో ప్యాంటులోకో కాలు పెట్టినప్పుడు చురుక్కుమంటుంది. కొందరికి ముందు వైపు, పొత్తికడుపు కింద ఉండే జఘన ఎముక దగ్గర కూడా ఉంటుంది.

పిరుదుల మధ్య చీలికలో పైభాగాన, వెన్నెముక చివరి కొసన ఆగితే అది తోక ఎముక నొప్పి. పెద్దవాళ్లు ముడ్డిపూస అంటారు. కూర్చున్నప్పుడు, వెనక్కి వాలినప్పుడు, అన్నిటికన్నా ఎక్కువగా కూర్చున్నచోటు నుంచి లేచే క్షణంలో పొడుస్తుంది. నిలబడగానే తగ్గుతుంది.

నొప్పి మోకాలు దాటి పాదం వరకు కరెంటులా పాకితే నరం మీద ఒత్తిడి ఉండొచ్చు. ఈసారి చెకప్‌లో ఆ మాట తప్పకుండా చెప్పండి.

కావలసినవి

- దిండ్లు 3, పాత దుప్పటి 1
- స్నానం తువ్వాళ్లు 2, చేతి తువ్వాలు 1
- 4 నుంచి 6 అంగుళాల ఎత్తున్న పీట
- వేడినీళ్ల సంచి
- తోక ఎముక నొప్పి ఉంటే 3 అంగుళాల మందం గట్టి ఫోమ్ ముక్క. 18 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల లోతు. పరుపుల కొట్లో, సోఫాలు కుట్టేవాళ్ల దగ్గర దొరుకుతుంది. 40 డెన్సిటీ అని అడగండి.
- చిన్న నోటు పుస్తకం

1. కూర్చునే చోటును సరిచేయండి

కుర్చీలో వెనక్కంటా జరిగి కూర్చోండి. చేతి తువ్వాలును చుట్టి నడుము లోపలికి వంగే చోట పెట్టండి. చుట్ట మీ మణికట్టు లావుంటే సరిపోతుంది. పాదాలు రెండూ నేలకు ఆనాలి, తుంటి మోకాళ్లకన్నా కాస్త ఎత్తులో ఉండాలి. సోఫాలో కూరుకుపోతే మోకాళ్లు పైకి, తుంటి కిందికి పోయి బరువంతా తోక ఎముక మీద పడుతుంది. ఈ నెలల్లో సోఫాకన్నా డైనింగ్ కుర్చీ మేలు.

ఎంత బాగా కూర్చున్నా 30 నిమిషాలకోసారి లేచి 2 నిమిషాలు నడవండి. ఆఫీసులో ఉంటే ఫోన్‌లో అలారం పెట్టుకోండి, లేకపోతే గంటలు గడిచిపోతాయి.

2. తోక ఎముక కోసం కుషన్ చేసుకోండి

నొప్పి కొసనే ఉన్నవాళ్లకు అన్నిటికన్నా త్వరగా ఊరటనిచ్చేది ఇదే. ఫోమ్ ముక్కకు వెనక అంచున, సరిగ్గా మధ్యలో 4 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల లోతున ఒక గాడి కోయండి. చూడ్డానికి ఇంగ్లిష్ యూ అక్షరంలా ఉంటుంది. దిండు గలీబులో వేసి, గాడి వీపు వైపు వచ్చేలా కుర్చీలో పెట్టండి. తిప్పి ముందువైపుకు పెట్టి "ఏం తేడా లేదు" అనుకునేవాళ్లు చాలామంది.

సరిగ్గా ఉందో లేదో ఇలా చూడండి: కుషన్ మీద 2 నిమిషాలు కూర్చుని, వెనక నుంచి గాడిలోకి చెయ్యి పెట్టండి. తోక ఎముక చేతికి ఆనకూడదు. ఆనితే ఫోమ్ మెత్తగా ఉన్నట్టు, లేదా గాడి లోతు చాలనట్టు. ఇంకో అంగుళం కోసి చూడండి. కుషన్ వల్ల ఎత్తు పెరిగి పాదాలు నేలకు అందకపోతే కింద పీట వేసుకోండి.

ఫోమ్ లేకపోతే రెండు స్నానం తువ్వాళ్లను గట్టిగా చుట్టి, ఒక్కో తొడ, పిరుదు కింద ఒక్కోటి నిలువుగా పెట్టుకోండి. మధ్యలో 4 అంగుళాల ఖాళీ ఉండాలి. బస్సులో, ఆసుపత్రి బెంచీ మీద ఇదే సులువు.

గుండ్రంగా గారెలా మధ్యలో చిల్లు ఉండే గాలి కుషన్ కొనొద్దు. చాలామందికి తోక ఎముక దాని వెనక అంచు మీదే ఆని నొప్పి ఎక్కువవుతుంది.

3. లేచే పద్ధతి మార్చండి

ముందుగా కుర్చీ అంచుకు జరగండి. పాదాలను మోకాళ్ల కిందికి లాక్కోండి. ఛాతీని ముందుకు వంచి, ముక్కు మోకాళ్ల మీదుగా వచ్చాక చేతులతో కుర్చీని నొక్కుతూ లేవండి. వంగకుండా నిలువునా లేస్తే తోక ఎముక నొక్కుకుపోతుంది, ఆ పోటు అందుకే. ఎవరైనా చేతులు పట్టి లాగడం కూడా వద్దు. కుర్చీ కదలకుండా పట్టుకోమనండి, అది చాలు.

మంచం మీద నుంచి లేవాలంటే: మోకాళ్లు రెండూ దగ్గరగా పెట్టి ఒక పక్కకు తిరగండి. కాళ్లు మంచం కిందికి జారవిడుస్తూ, పై చేత్తోనూ కింది మోచేత్తోనూ పరుపును నొక్కి పక్కకు లేవండి. వెల్లకిలా నుంచి తిన్నగా లేచి కూర్చోవడం ఈ తొమ్మిది నెలలూ మానేయండి.

4. పడక

పక్కకు తిరిగి పడుకోండి. ఎడమవైపు మంచిదని అంటారు, కుడివైపు పడుకున్నా ఫర్వాలేదు. 28 వారాలు దాటాక మాత్రం వెల్లకిలా నిద్రపోకండి. నిద్రలో తిరిగిపోయి మెలకువ వస్తే కంగారు అక్కర్లేదు, మళ్లీ పక్కకు తిరిగితే సరి.

ఒక దిండు మోకాళ్ల మధ్య పెట్టండి. అది చీలమండల వరకు ఉండాలి. ఎక్కువమంది చేసే తప్పు ఇక్కడే: దిండు మోకాళ్ల మధ్యే ఉంటుంది, పై పాదం కిందికి వేలాడుతుంది, దాంతో తుంటి మెలిపడుతుంది. దిండు పొట్టిదైతే పాదాల మధ్య ఇంకోటి పెట్టండి. దుప్పటిని పలచగా మడిచి పొట్ట కింద దూర్చండి. వీపు వెనక ఇంకో దిండు ఉంటే వెల్లకిలా తిరిగిపోరు.

నులక మంచం, నవారు మంచం మధ్యలో ఉయ్యాలలా దిగిపోతే నడుము రాత్రంతా వంగే ఉంటుంది. నులక బిగించి, పైన పరుపు వేయించండి. నేల మీద పడుకుంటే నొప్పి తగ్గుతుందని కొందరు అంటారు, కానీ రాత్రి నాలుగుసార్లు బాత్రూమ్‌కు లేవాల్సిన రోజుల్లో నేల మీద నుంచి లేవడమే పెద్ద శ్రమ.

5. వంటింట్లో, ఇంటి పనిలో

పొయ్యి దగ్గర నిలబడినప్పుడు ఒక పాదం పీట మీద పెట్టండి. 5 నుంచి 10 నిమిషాలకోసారి కాలు మార్చండి. నడుము కండరాల నొప్పి ఉన్నవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. కటి కీళ్ల నొప్పి ఉన్నవాళ్లకు బరువు ఒక కాలి మీద పడితే పడకపోవచ్చు. అలాంటివాళ్లు ఎత్తు స్టూలు మీద కూర్చుని దోసెలు పోసుకోవడం మంచిది.

కత్తిపీట పక్కన పెట్టి, బల్ల మీద కూరలు తరగండి. పొట్టి చీపురు బదులు పొడుగు కర్ర ఉన్నది వాడండి. 20 లీటర్ల నీళ్ల డబ్బా అంటే 20 కిలోలకు పైనే. నిండు గ్యాస్ సిలిండర్ దాదాపు 30 కిలోలు. ఈ రెండూ మీరు ఎత్తకూడదు, దొర్లించకూడదు. ఇంట్లో మగవాళ్లు ఈ పేరా చదివితే ఇంకా మంచిది. తడి బట్టల బకెట్‌ను కూడా సగం సగం చేసి రెండు చేతులా సమానంగా పట్టుకోండి.

బాసింపట్టు వేసుకుని కూర్చోవడం అలవాటున్నవాళ్లు నొప్పి లేకపోతే కూర్చోవచ్చు. కటి కీళ్ల దగ్గర, జఘన ఎముక దగ్గర నొప్పి ఉంటే మాత్రం వద్దు. సీమంతం రోజు పీట మీద గంటల తరబడి కూర్చోబెడతారు. కుర్చీ, కుషన్ వేయించమని పెద్దవాళ్లకు ముందురోజే చెప్పండి. గాజులు కుర్చీలో కూర్చున్నా తొడుగుతారు.

6. రోజుకు రెండుసార్లు, 10 నిమిషాల వ్యాయామం

తిన్న గంటకు చేయండి. ఊపిరి బిగపట్టొద్దు. చేస్తుండగా నొప్పి పెరిగినా, కళ్లు తిరిగినా, పొట్ట బిగిసినా ఆపేయండి.

గోడకు ఆనుకుని: వీపు, పిరుదులు గోడకు ఆనించి, మోకాళ్లు కొద్దిగా వంచి నిలబడండి. బొడ్డును వెన్ను వైపు లాగుతూ నడుము దగ్గరి ఖాళీని గోడకు నొక్కండి. 4 సెకన్లు ఉంచి వదలండి. 10 సార్లు. సరిగ్గా చేస్తున్నారో లేదో నడుము వెనక చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది: లాగినప్పుడు చెయ్యి నలగాలి.

పిల్లిలా: చేతులు, మోకాళ్ల మీద ఉండి వీపును బల్లలా సమంగా పెట్టండి. పొట్టను లోపలికి లాగుతూ వీపును పైకి గుండ్రంగా వంచి, 3, 4 సెకన్లు ఆగి మళ్లీ సమానంగా రండి. 10 సార్లు. నడుమును సమానం దాటి కిందికి జారవిడవకండి. ఈ వ్యాయామం చేశాక నొప్పి పెరిగిందంటే చాలాసార్లు కారణం అదే. మణికట్లు నొప్పెడితే మోచేతుల మీద చేయండి. మోకాళ్లు పడకపోతే నిలబడి, బల్ల మీద చేతులు ఆనించి చేయొచ్చు.

దిండు నొక్కడం: కుర్చీలో కూర్చుని మోకాళ్ల మధ్య మడిచిన దిండు పెట్టి, మెల్లగా 5 సెకన్లు నొక్కి వదలండి. 10 సార్లు. కటి కీళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ఇది ముఖ్యం. నొక్కినప్పుడు జఘన ఎముక దగ్గర పోటు వస్తే సగం బలంతో చేయండి, అప్పుడూ వస్తే మానేయండి.

పిరుదుల సాగదీత: కుర్చీలో కూర్చుని ఒక చీలమండను రెండో మోకాలి మీద పెట్టి, వీపు నిటారుగా ఉంచి పిరుదులో లాగినట్టు అనిపించేదాకా ముందుకు వంగండి. 20 సెకన్లు, ఒక్కోవైపు 3 సార్లు. జఘన ఎముక నొప్పి ఉంటే ఇది చేయొద్దు.

కటి కింది కండరాలు: మూత్రం ఆపుకుంటున్నట్టు బిగించి వదిలే వ్యాయామం గర్భిణులందరికీ చెబుతారు. తోక ఎముక నొప్పి ఉన్నవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ కండరాలు తోక ఎముకకే అతుక్కుని ఉంటాయి, అవి ముందే బిగుసుకుని ఉంటే ఇంకా బిగించడం వల్ల నొప్పి పెరుగుతుంది. అందుకని మొదటి వారం బిగించడం పక్కన పెట్టి, పొట్ట నిండా గాలి పీల్చి మెల్లగా వదులుతూ కింద కండరాలను సడలించడం 10 సార్లు చేయండి.

వీటికి తోడు 10 నిమిషాల నడక, రోజుకు రెండు మూడుసార్లు. ఒక్కసారే 40 నిమిషాలు నడిచి సాయంత్రం మంచం పట్టడంకన్నా ఇది నయం.

7. కాపడం, మర్దన

వేడినీళ్ల సంచిని తువ్వాలులో చుట్టి నడుముకు 10 నుంచి 15 నిమిషాలు పెట్టండి. ముందు మణికట్టు లోపలివైపు తాకించి చూడండి, గోరువెచ్చగా హాయిగా ఉండాలి. పొట్ట మీద పెట్టొద్దు, పెట్టుకుని నిద్రపోవద్దు. ఉప్పు మూట, ఇసుక మూట ఎంత వేడెక్కాయో పైకి తెలియదు, చర్మం కాలిపోతుంది. తోక ఎముక దగ్గర కొత్తగా మొదలైన పోటుకు కొందరికి వేడికన్నా చల్లదనం పనిచేస్తుంది. ఐసును గుడ్డలో చుట్టి 10 నిమిషాలు పెట్టండి.

మర్దన చేయించుకోవాలంటే కుర్చీలో వెనక్కి తిరిగి కూర్చుని, కుర్చీ వీపు మీద దిండు పెట్టి దాని మీద వాలండి. గోరువెచ్చని నువ్వుల నూనెతో, వెన్నుపూసకు రెండు బొటనవేళ్ల దూరం వదిలి, కింది నుంచి పైకి అరచేత్తో రాయాలి. ఎముక మీద నొక్కకూడదు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో నడుము తొక్కించడం, తోక ఎముక వంకర తీస్తామంటే ఒప్పుకోవడం గర్భంతో ఉన్నప్పుడు ప్రమాదం.

8. మలబద్ధకం తగ్గించుకోండి

దీన్ని నడుము నొప్పితో ఎవరూ కలిపి చూడరు. గట్టిపడిన మలం, ముక్కడం రెండూ నేరుగా తోక ఎముకను నొక్కుతాయి. ఐరన్ మాత్రల వల్ల మలబద్ధకం పెరుగుతుంది, అలాగని మానేయకండి. వేరే రకం ఐరన్ రాయమని డాక్టర్‌ను అడగండి. ఆకుకూర రోజూ ఉండాలి. జామకాయ, నానబెట్టిన అంజీర్ తినండి, గర్భంలో షుగర్ ఉందని చెప్పి ఉంటే అంజీర్ మానేయండి. వెస్టర్న్ టాయిలెట్ వాడితే పాదాల కింద 6 నుంచి 8 అంగుళాల స్టూలు పెట్టుకుని కాస్త ముందుకు వంగి కూర్చోండి.

9. ప్రయాణం

పుట్టింటికి వెళ్లే ప్రయాణంలోనే చాలామందికి నొప్పి తిరగబెడుతుంది. బస్సులో వెనక సీటు, చక్రం మీద సీటు కాకుండా మధ్య సీటు తీసుకోండి. కారులో గంటా గంటన్నరకోసారి దిగి నడవండి. సీటు బెల్టు కింది పట్టీ పొట్ట కిందుగా, పై పట్టీ రొమ్ముల మధ్య నుంచి రావాలి. ఎక్కేటప్పుడు ముందు సీటు మీద కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పండి. సీటు మీద ప్లాస్టిక్ కవరు వేస్తే సులువుగా తిరుగుతారు, తిరిగాక తీసేయండి. బైకు వెనక ఒకపక్కకు కూర్చోవడం కటి కీళ్లను మెలిపెడుతుంది, నొప్పి ఉన్నన్నాళ్లూ వద్దు.

మెట్ల దగ్గర ఒక సూత్రం: ఎక్కేటప్పుడు నొప్పి లేని కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు. ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ పెట్టాకే తర్వాతి మెట్టు.

బెల్టులు, మాత్రలు

పొట్ట కింద నుంచి తుంటి చుట్టూ వచ్చే బెల్టు కటి కీళ్ల నొప్పికి సాయపడుతుంది. నిలబడి పనిచేసేటప్పుడు, నడిచేటప్పుడు 2, 3 గంటలు పెట్టుకుని తీసేయండి. పడుకున్నప్పుడు వద్దు. బెల్టుకూ ఒంటికీ మధ్య రెండు వేళ్లు దూరాలి. పొట్ట మీదుగా బిగించే మామూలు నడుము బెల్టు గర్భిణులకు కాదు. తోక ఎముక నొప్పి బెల్టుతో తగ్గదు.

మాత్ర అవసరమైతే పారాసిటమాల్. డాక్టర్ చెప్పిన మోతాదులో, వీలైనంత తక్కువ రోజులు. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్ సొంతంగా వేసుకోవద్దు. 20 వారాలు దాటాక ఇవి బిడ్డ మూత్రపిండాల మీద పనిచేసి ఉమ్మనీరు తగ్గించగలవు. నెలలు నిండుతున్నప్పుడు బిడ్డ గుండె దగ్గరి రక్తనాళం ముందుగానే మూసుకుపోయే ప్రమాదం ఉంది. మందుల షాపులో నడుము నొప్పి అంటే ఇచ్చే మాత్రల్లో చాలావరకు పారాసిటమాల్‌తో అసెక్లోఫెనాక్ కలిసి ఉంటుంది. స్ట్రిప్ మీద పేర్లన్నీ చదవండి. నొప్పి జెల్లు, స్ప్రేలు కూడా అడిగాకే వాడండి. బీపీ రాకుండా డాక్టర్ రాసిన తక్కువ మోతాదు ఆస్పిరిన్ సంగతి వేరు, అది మీ అంతట మీరు ఆపకండి.

క్యాల్షియం మాత్ర రెండింతలు వేసుకుంటే నొప్పి పోతుందన్నది కూడా తప్పే. రాసిచ్చినంతే వేసుకోండి.

తగ్గుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

అన్నీ ఒకేరోజు మొదలుపెడితే ఏది పనిచేసిందో తెలియదు. మొదటి 3 రోజులు కూర్చోవడం, లేవడం, పడక మాత్రమే మార్చండి. నాలుగో రోజు నుంచి వ్యాయామం కలపండి. నోటు పుస్తకంలో రోజూ మూడు అంకెలు రాయండి: సాయంత్రం నొప్పి 10కి ఎంత, నొప్పి మొదలయ్యేలోపు ఎన్ని నిమిషాలు కూర్చోగలిగారు, రాత్రి నొప్పితో ఎన్నిసార్లు మెలకువ వచ్చింది.

నొప్పి అంకె 7 నుంచి 4కు వస్తే అది మంచి ఫలితమే, కాన్పు దాకా సున్నా అవుతుందని ఎదురుచూడకండి. చాలాసార్లు రెండో అంకె ముందుగా మెరుగవుతుంది: 10 నిమిషాలు కూర్చోలేనివాళ్లు 25 నిమిషాలు కూర్చోగలుగుతారు. నొప్పి అంకె మారకపోయినా మీరు సరైన దారిలోనే ఉన్నట్టు. వ్యాయామం చేసిన మర్నాడు పొద్దున నొప్పి ముందురోజుకన్నా ఎక్కువుంటే సంఖ్య సగానికి తగ్గించండి.

2 వారాల్లో మూడు అంకెల్లో ఒక్కటీ మారకపోతే ఫిజియోథెరపిస్టును కలవండి. వెళ్లేటప్పుడు ఆ పుస్తకం పట్టుకెళ్లండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా డాక్టర్ పరీక్షలు ఉంటాయి, అక్కడా చూపించుకోవచ్చు.

తోక ఎముక నొప్పి ఉన్నవాళ్లు కాన్పుకు చేరేటప్పుడే ఆ విషయం డాక్టర్‌కు, నర్సుకు చెప్పండి. వీలుంటే పక్కకు తిరిగి కాన్పయ్యేలా చూస్తారు. ఆసుపత్రి సంచిలో బిడ్డ బట్టలతోపాటు ఆ ఫోమ్ కుషన్ కూడా సర్దుకోండి. పాలిచ్చేటప్పుడు గంటల తరబడి కూర్చోవాలి, అప్పుడూ అది కావాలి.